వేటకాలంలో పసుపు నీడలు

ముప్పై ఏళ్ళుగా మందుల దుకాణంలో పనిచేసే రైలీకి ఏడాదిలో ఒక్క వారమే పండగ. ఉత్తర ఫిన్లాండ్‌లో బిర్చ్ చెట్లు పసుపెక్కే వారం. పెద్ద గాలి వీచిందంటే ఆకులన్నీ రాలిపోతాయి. దుప్పుల వేటా అప్పుడే. వేటగాడికి మనిషని తెలియాలని అడవికెళ్ళేవాళ్ళంతా నారింజ రంగు కోటు తొడుక్కుంటారు.

ఆ ఉదయం చెరువు ఒడ్డున రైలీ ఆ కోటు విప్పేసింది. నీళ్ళలో పడ్డ చెట్ల నీడల్ని ఫొటో తీసి, తలకిందులుగా అచ్చు వేయించడం ఆమె సరదా. ఆ పసుపులో తన నారింజ నీడ కలుస్తోందట.

"వేసుకో," అన్నాడు భర్త తౌనో. వెనక అడవిలో వేటకుక్కలు మొరుగుతున్నాయి.

"రెండు నిమిషాలు. నీళ్ళు ఇప్పుడే నిలకడగా ఉన్నాయి."

"నీ స్వెట్టర్ అచ్చం దుప్పి రంగు."

"ఇన్నేళ్ళకి నా స్వెట్టర్ నీ కంటపడింది, సంతోషం."

తౌనోకి నవ్వు రాలేదు. మొరుగుడు దగ్గరవుతోంది. అతను ఆమె వెనక్కి వెళ్ళి, అడవికేసి చేతులు చాచి నిలబడి, గొంతెత్తి పాట అందుకున్నాడు. పెళ్ళిలో కూడా పాడని మనిషి. సగం మాటలు గుర్తులేవు. ఎక్కడో తుపాకీ పేలింది. అతను గొంతు ఇంకా పెంచాడు.

కెమెరా క్లిక్‌మంది.

"అయిపోయింది, ఇక ఆపు. చేపలు భయపడుతున్నాయి," అంది రైలీ.

ఆమె కోటు చివరి గుండీ పెట్టుకునేదాకా అతను ఆపలేదు.