శంకరమ్మ కోసం చదివిన పేజీ

నర్సు పరీక్ష దగ్గరపడింది. మూడు వారాలుగా ప్రసూతి పుస్తకం ముందేసుకుంటున్నాను గాని, రెండు పేజీలు తిప్పేసరికి మనసు కాలువ పనికి వెళ్లిన మా ఆయన దగ్గరికి పోతుంది. ఈ రోజు మధ్యాహ్నమూ అంతే. అప్పుడే ఎనిమిది నెలల కడుపుతో ఉన్న పక్కింటి శంకరమ్మ వచ్చి గడప మీద కూలబడింది.

“అక్కా, పొద్దుగాల్నుంచి తల పగిలిపోతున్నది. కాళ్లు సూడు, గిట్ల వాచినయి. గా పుస్తకంల దీనికేమన్న రాసినరా?”

“ఉండు చెల్లె, సూస్త,” అని వాపు గురించి మాత్రమే వెతికాను. నేను ఎన్నోసార్లు తిప్పేసిన పేజీలోనే ఉంది. వాపుతోపాటు తలనొప్పి ఉంటే ఆలస్యం చేయకూడదట. ఆ నాలుగు వాక్యాలూ వేలు పెట్టి రెండుసార్లు చదివాను.

టాంగా బండి పిలిచి ఆమెను రాయచూరు పెద్ద దవాఖానాకు తీసుకెళ్లాను. డాక్టరమ్మ రక్తపోటు చూసి వెంటనే చేర్చుకుంది. రేపటిదాకా ఆగి ఉంటే తల్లీబిడ్డలిద్దరికీ ప్రమాదమయ్యేదని చెప్పింది. సాయంత్రానికి తలనొప్పి తగ్గి, శంకరమ్మ కాస్త గంజి తాగింది.

ఇంటికొచ్చి మిగతా అధ్యాయం ఒక్క బిగిన చదివేశాను. ప్రతి పేజీ దగ్గరా మా వీధిలో ఇది ఎవరికి అక్కరకొస్తుందా అని ఆలోచించాను. పరీక్షలో వాపు ప్రశ్న వస్తుందో రాదో తెలియదు. మీరు పుస్తకం తెరిచేటప్పుడు ఎవరిని తలుచుకుంటారు?