బంపర్ కింద పైపు

ఇంజిన్‌కి చల్లగాలి అందితే బండి బాగా లాగుతుందని వీడియో చూసి, మా ఆయన మా కారు ఎయిర్ ఫిల్టర్ నుంచి బంపర్ కిందిదాకా ప్లాస్టిక్ పైపు బిగించాడు.

"వానొస్తే నీళ్ళు పీల్చుకోదా?" అన్నాను.

"పుదుచ్చేరిలో అంత నీళ్ళు యాడొస్తాయి? నీకేం తెలుసు, ఊరకుండు" అన్నాడు.

మా చెల్లెలి సీమంతానికి వెళ్తుంటే వానకి ముత్తియాల్‌పేట వీధుల్లో మోకాటిలోతు నీళ్ళు. కారు నడివీధిలో ఆగిపోయింది. ఆయన స్టీరింగ్ వదల్లేదు, అత్తగారు వెనకసీటు వదల్లేదు. పట్టుచీరతో నేనే దిగి తోశాను. మిద్దెల మీదివాళ్ళు నవ్వారు.

షెడ్డులో పైపు విప్పితే బొళబొళా నీళ్ళు కారాయి. అత్తగారు నావైపు చూసి, "బయలుదేరేటప్పుడు చక్రం కింద నువ్వు పెట్టిన నిమ్మకాయ సరిగ్గా నలగలా, అందుకే ఇట్టయింది" అంది. ఆయనా తలూపాడు.

ఇంజిన్ బాగుచేయించి మళ్ళీ అదే పైపు బిగించాడు. శుభకార్యాలకు నన్ను మాత్రం వెనకాల ఆటోలో రమ్మంటున్నాడు. నేను ఆటోలోంచి మబ్బుల కోసం చూస్తున్నాను.