అనంతరామయ్యగారి పచ్చజెండా

కొత్త వస్తువు కనపడితే కొందరు ముట్టుకుంటారు, కొందరు ధర అడుగుతారు. మా వీధి చివరింటి అనంతరామయ్యగారు మాత్రం దాన్ని పద్నాలుగు రోజులు విడిగా పెడతారు.

ముప్ఫై ఏళ్ళు విశాఖపట్నం ఓడరేవులో అంటురోగాల తనిఖీ ఉద్యోగం ఆయనది. పైదేశం ఓడలో ఎవడికైనా ఒళ్ళు వెచ్చబడిందంటే ఓడకి పసుపుపచ్చ జెండా కట్టించి, "పద్నాలుగు రోజులు క్వారంటైను" అని సంతకం పెట్టి భోజనానికి వెళ్ళిపోయేవారు. రిటైరై చోడవరం వచ్చేశారు. ఓడలు వెంట రాలేదు గానీ జెండా వచ్చింది.

రోజూ పేపరు వేయించుకునేవారు. వచ్చింది వచ్చినట్టే అరుగు మీద రేకుపెట్టెలో పడేది. గడువు దాటేకే చదివేవారు.

"ఒరే పరదేశీ! తుపానుట! మీ నాన్నతో చెప్పు!" అని ఓ రోజు నన్ను కేకేసేరు.

"ఆ తుపాను వచ్చింది, మా పశువులపాక ఎగరగొట్టింది, మేం మళ్ళీ నేసుకున్నాం కూడా పంతులుగారూ."

"మరి నాకెవరూ చెప్పలేదే?"

ఓ జూన్‌లో కొత్త గొడుగు కొని అటక మీద పెట్టి, పద్నాలుగు రోజులు వానలో తడిసేరు. గొడుక్కి ఏం జబ్బుంటుందండీ అన్నాను. నాకు నోరాగదు. "ఏం జబ్బో తెలిస్తే విడిగా పెట్టడం ఎందుకురా?" అన్నారు.

ఆయన భార్య సూర్యకాంతంగారు అరుగు మీద బియ్యం ఏరుకుంటూ అనేవారు: "గొడుగు నయం నాయనా. నేను కాపరానికొచ్చిన రోజున నన్నూ వీధిగదిలో పెట్టేరు. చూడ్డానికి మా నాన్నొస్తే, ఆయన్నీ పెట్టేరు."

నేనూ ఓసారి దొరికేను. డెబ్భైమూడులో అనకాపల్లిలో బి.ఏ. మధ్యలో వదిలేసి ట్రంకుపెట్టెతో ఊళ్ళోకి దిగేను. మా నాన్న చెరుకుగడ పట్టుకుని ఎదురొచ్చేడు. నడుమ అనంతరామయ్యగారు అడ్డం పడి, "కళ్ళు పచ్చగా ఉన్నాయి. అనుమానం కేసు. వీణ్ణి ఎవరూ ముట్టుకోకూడదు!" అని నన్ను వీధిగదిలోకి తోసి, అరుగు స్తంభానికి పచ్చజెండా కట్టేశారు. అద్దంలో చూసుకుంటే నా కళ్ళు పాలలా ఉన్నాయి. ముసలాయనకి ముదిరిందనుకున్నాను.

ఇక రొయ్యల సంగతి.

మా వైపు రొయ్యల్ని పట్టేవాళ్ళున్నారు, తినేవాళ్ళున్నారు, పెంచేవాడు మాత్రం అప్పటికి లేడు. ఆ పని మొదలెట్టింది నా స్నేహితుడు సత్యారావు. కారణం రొయ్య కాదు, బుచ్చయ్యపేట గణపతిరావుగారి అమ్మాయి వరహాలక్ష్మి. ఈ గుంటడికి పిల్లనివ్వమంటే ఆయన, "సొంతంగా ఓ పని సేసి సూపించు. ఏడాది టైము. అప్పుడు సూద్దాం" అన్నాడు. సత్యారావు అనంతరామయ్యగారి ఇంటెదురుగా, చెరుకుతోట పక్కన చెరువు తవ్వి, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగలో పట్టిన నీలకంఠ రొయ్యపిల్లల్ని కుండల్లో తెచ్చి వదిలేడు. ఆర్నెల్లకి అవి జానెడేసి అయ్యేయి. సత్యారావు మీసం వాటికంటే పెరిగింది.

అప్పుడు రెండోవిడత పిల్లల్ని తెచ్చేడు. అనంతరామయ్యగారు రొయ్య పేరెత్తితే పుక్కిలించే మనిషి. అలాంటివారు ఉత్తరీయం ముక్కుకి కట్టుకుని, భూతద్దం పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు.

"ఒరే సత్యం, వీటిని పాతవాటితో కలపకు. వేరే తొట్టిలో పద్నాలుగు రోజులు ఉంచు."

"రొయ్యకి జొరం ఎక్కడ సూస్తారండీ? అన్ని కాళ్ళున్నాయి, నాడి ఏ కాలికుంటాది?" అని నవ్వి, సత్యారావు కుండలు చెరువులో బోర్లించేసేడు. నేనూ నవ్వేను.

తొమ్మిదో రోజుకి పిల్లల తోకలు తెల్లబడ్డాయి, ఉడకేసినట్టు. పన్నెండో రోజుకి పెద్దవీ చచ్చి గట్టువారన తేలేయి.

"వైరసురా," అన్నారు అనంతరామయ్యగారు. "కంటికి కనపడదు, మందుకి లొంగదు."

"కనపడంది ఉందని మీకెలా తెలుసండీ?" అన్నాను.

"కనపడితే భయమెందుకురా? కర్రుచ్చుకుని వెళ్ళనూ?"

కబురు బుచ్చయ్యపేట చేరింది. గణపతిరావు సైకిలు మీద వచ్చి, చెప్పులతోటే చెరువులో దిగి, చచ్చిన రొయ్యనొకటి తీసి సత్యారావు మొహాన కొట్టేడు.

"ఏటిరా ఇది? రొయ్యనే బతికించుకోలేనోడివి, నా గుంటనేటి సూసుకుంటావు? సంబంధం లేదు, గింబంధం లేదు! ఇప్పుడే వడ్డాది పోయి ఇంకోడికి మాటిచ్చెత్తాను!"

గణపతిరావు మాటిచ్చేడంటే తిరగడు, ఆ సంగతి మండుటెండలా అందరికీ తెలుసు. ఆయన సైకిలెక్కబోతుంటే అనంతరామయ్యగారు ముందుచక్రం పట్టుకున్నారు.

"నీళ్ళలో దిగేరా?"

"దిగేను. అయితే ఏటి?"

"పద్నాలుగు రోజులు."

"ఏటి పద్నాలుగు?"

"ఆ జబ్బు మీ కాళ్ళకి పట్టింది. ఈ కాళ్ళతో మీరు ఊళ్ళోకెళ్తే మీ ఊరి చెరువులో చేపలూ తెల్లబడతాయి. రేపు ఊరంతా మిమ్మల్ని ఏమంటుందో ఆలోచించుకోండి."

గణపతిరావు కాళ్ళకేసి చూసుకున్నాడు. చేపలకేమోగానీ ఆయన మొహం అక్కడే తెల్లబడింది. పది నిమిషాల్లో అరుగు మీద ఆయనా, స్తంభానికి జెండా.

మొదటి రోజు వీధంతా వినపడేలా తిట్టేడు. రెండోరోజు తిట్లు తగ్గి వంకాయ మీద పడ్డాడు. "తల్లీ, మూడుపూటల్నించి ఇదే. ఇంకో కూర లేదా లోకంలో?" సూర్యకాంతంగారు, "ఉన్నాయి. నిన్న సంతలో తెచ్చినవి. పదమూడు రోజులాగాలి" అన్నారు.

అరుగు మీద కూచున్నవాడికి ఎదురుగా కనపడేది చెరువే. నాలుగోరోజు వడ్డాది నించి రొయ్యల బేరగత్తె నూకరత్నం వచ్చింది. "కొన ఊపిరున్నవి ఇచ్చీ బాబూ, కారమేసి ఏపితే ఎవుడికి తెలుస్తాది?" అంది. సత్యారావు, "తెల్లారి ఆళ్ళ కడుపులో ఏటయిందో నాకు తెలుస్తాది కదే" అని గొయ్యి తీసి అన్నీ పాతేసేడు. అరుగు మీంచి తిట్టు రాలేదు.

అయిదోరోజు సత్యారావు ఒక్కడే నీళ్ళు తోడుతున్నాడు. ఏడోరోజు అడుగు ఎండగట్టి సున్నం జల్లుతుంటే గణపతిరావు ఆగలేకపోయేడు.

"ఆ మూలకి సాలదురా! ఇంకో తట్ట ఎయ్యి!"

తొమ్మిదోరోజు పార పట్టుకోడానికి అరుగు దిగబోయేడు. అనంతరామయ్యగారు జెండా చూపించేరు. మళ్ళీ కూచున్నాడు. పన్నెండోరోజున, "ఎండ ముదిరింది, నీడకి రా అల్లుడూ" అనేసి, నాలిక కరుచుకున్నాడు.

పదిహేనోరోజున జెండా దిగింది. గణపతిరావు సైకిలెక్కుతూ, "మళ్ళీ పిల్లలెయ్యి. ఈపాలి తొట్టిలో ఉంచి ఎయ్యి. పెళ్ళి ముందు సేసేత్తాను. ఎదవ చెరువుకి నువ్వొక్కడివీ సాలవు" అన్నాడు.

ఆయన మలుపు తిరిగేక నేను ఆగలేకపోయేను. "పంతులుగారూ, కాళ్ళు సున్నపునీళ్ళతో కడిగి ఎండలో నిలబెడితే సరిపోయేది కదా?"

"సరిపోయేది."

"మరి పద్నాలుగు రోజులేమిటి?"

"కోపానికిరా. మొదటిరోజు నన్ను సముద్రంలో తోసేస్తానన్న కెప్టెన్లు పదోరోజుకి చదరంగం ఆడదామనేవారు. పదమూడు దాటి కోపం పట్టుకున్న మనిషిని నేను చూళ్ళేదు."

"అయితే నా కళ్ళు పచ్చగా లేవా?"

"నీ కళ్ళెవరు చూసేరురా? నేను మీ నాన్న చేతిలో చెరుకుగడ చూసేను."

పద్నాలుగు రోజుల తరవాత ఆ గడనే ముక్కలు కొట్టి మా నాన్న నాకు తినడానికిచ్చేడు. అప్పుడు తీపొక్కటే తెలిసింది.

"మరి గొడుగు?"

"గొడుక్కి నిజంగానే అనుమానం," అన్నారు.

శుభలేఖ నేనే తీసుకెళ్ళి ఇచ్చేను. చూడకుండా రేకుపెట్టెలో వేసేరు. పెళ్ళి పదోరోజున. మేం ఎంత బతిమాలినా, "ఏం కాగితమో, ఎక్కణ్ణించొచ్చిందో" అని కదల్లేదు. గడువు దాటేక విప్పి, చదివి, తేదీ చూసి ఉలిక్కిపడి, సూర్యకాంతంగారితో జట్కాలో బుచ్చయ్యపేట వెళ్ళేరు. పెళ్ళయి నాలుగు రోజులైంది.

గణపతిరావు అప్పటికే లెక్క కట్టి ఉంచేడు. గుమ్మానికి కొత్త మామిడాకులు. సత్యారావుకీ వరహాలక్ష్మికీ మళ్ళీ బాసికాలు కట్టించి పీటల మీద కూచోబెట్టి, "రండి పంతులుగారూ, మీకోసమే ఆపేం" అన్నాడు.

అనంతరామయ్యగారు కండువా కొంగు విప్పి అక్షింతలు తీసేరు. పసుపు పాతబడి, బియ్యం గట్టిపడి రాళ్ళలా ఉన్నాయి. నెత్తిన పడగానే సత్యారావు "అబ్బా!" అన్నాడు.

"అవి మంచివే నాయనా," అన్నారు సూర్యకాంతంగారు. "శుభలేఖ వచ్చిన రోజునే కలిపి విడిగా పెట్టేరు."