ఎవరూ రాలేదన్నాను

అప్పటిదాకా నన్ను ఎవరూ ఏమీ అడిగింది లేదు. పెళ్లిచూపుల్లో ఒకసారి పేరడిగారు, నేను నోరు తెరిచేలోపు మా నాయనే చెప్పేశాడు. మొగుడు ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాక్టరమ్మ అడిగిందంతా మా బావను అడిగింది. అందుకే ఆ పిల్ల కాగితాల కట్ట ఒళ్లో పెట్టుకుని "నీ గురించే అక్కా, నువ్వే సెప్పాల" అన్నప్పుడు నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను.

ఇది తొంభైల చివర్లో సంగతి. మాది పుంగనూరికీ మదనపల్లెకూ నడుమ, రోడ్డు దిగి రెండు మైళ్లు నడిస్తే వచ్చే పల్లె. మా ఆయన పచ్చకామెర్లతో పోయి మూడేళ్లు దాటింది. పిల్లల్లేరు. బావ ఇంట్లోనే ఉంటున్నాను. బావంటే మా ఆయనకు అన్న. అన్నదమ్ములకు మొత్తం నాలుగెకరాలు, చెరి రెండు. మా రెండెకరాలూ బావే చూసుకునేవాడు. నేను కలుపు తీసేదాన్ని, టమోటా కోసేదాన్ని, పాలు పిండేదాన్ని, పెట్టింది తినేదాన్ని.

ఆ రోజు పుంగనూరు సంత. బావా, తోడికోడలూ పొద్దున్నే ఎద్దులు చూడ్డానికి పోయారు. నేను వసారాలో కూర్చుని విత్తనానికి వేరుశనగకాయలు ఒలుస్తున్నాను. విత్తనం కాయ చేత్తోనే ఒలవాలి, గింజ మీద పొర చిట్లితే మొలవదు. ఆ పిల్ల చెప్పుల నిండా దుమ్ముతో, భుజాన ఆఫీసు సంచితో వచ్చి నిలబడి నీళ్లడిగింది. మదనపల్లెలో ఒక ఆఫీసు పెట్టారట. మన దేశం లాంటి చోట బీదవాళ్లకు చదువు ఎంతవరకు అందుతోంది, జబ్బు చేస్తే ఏం చేస్తారు, చట్టం ఏం తెలుసు, చిన్న చిన్న వ్యాపారాలు ఎట్లా నడుస్తాయి అని ఇల్లిల్లూ తిరిగి రాసుకుపోతారట. పరిశోధన అంది. ఆ మాట నేను వినడం అదే మొదలు. మాట తీరులోనే తెలిసిపోయింది, కుప్పం వైపు పిల్ల. నా పుట్టిల్లూ కుప్పం దగ్గరే. ఊరు చెప్పమంటే మా ఊరికి రెండూళ్ల అవతల. ఇంకేం, చాప పరిచాను.

"నువ్వు సెప్పింది మీ ఊర్లో ఎవురికీ తెలీదక్కా. కాయితం మింద నీ పేరు గూడా ఉండదు, నెంబరే" అంది. ఒక చేత్తో రాస్తూ, రాయనప్పుడు నాతోపాటు కాయలు ఒలుస్తూ అడిగింది. ఎంతవరకు చదివావు అంటే రెండో తరగతి అన్నాను. ఎందుకు మానేశావు అంటే మేకలు అన్నాను. కాగితంలో మేకలకు గడి లేదక్కా అని నవ్వి, ఇంటిపని అన్నచోట టిక్కు పెట్టింది. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఆసుపత్రికి పోవాలా వద్దా అని చెప్పేది ఎవరు అని అడిగింది. మా బావ అన్నాను. మీ ఆయనను ఎన్నాళ్లకు తీసుకుపోయారు అంది. పసరు పోయించి, తగ్గక, పదకొండో రోజు తీసుకుపోయాం. పదకొండు అని అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. ఆ పిల్ల రాయడం ఆపి, కాసేపు ఊరికే కాయలు ఒలిచింది.

తర్వాత భూమి సంగతి. నీ పేరిట గానీ, నీ మొగుడి పేరిట గానీ భూమి ఉందా అంది. రెండెకరాలు అన్నాను. ఆయన పోయాక కాగితాల్లో నీ పేరు ఎక్కించారా అంటే నాకు తెలియలేదు. ఆయన పెద్దదినం కర్మ అయిన మరునాడు బావ పింఛనుకు అర్జీ అని ఒక కాగితం తెచ్చాడనీ, నాకు సంతకం వచ్చినా వేలిముద్ర చాలన్నాడనీ, పింఛను మాత్రం రాలేదనీ చెప్పాను. ఆ పిల్ల గుమ్మం వైపు చూసింది.

"మేము అడగాలే గానీ ఏమీ సెప్పకూడదక్కా. సెప్పినానని తెలిస్తే నన్ను తీసేస్తారు" అంటూనే చెప్పింది. పుంగనూరు మండలాఫీసులో అడంగల్ అని ఒక పుస్తకం ఉంటుంది, ఏ చేను ఎవరి పేరిట ఉందో అందులో రాసి ఉంటుంది, పోయి చూపించమని అడుగు అని.

పోతాను పోతాను అనుకుంటూనే ఉన్నాను. పోతే ఏం కనపడుతుందో అని భయం. అట్లా పది రోజులు గడిచాయి.

పదకొండో రోజో పన్నెండో రోజో మోటారు సైకిలు మీద ఒక సారు వచ్చాడు. ఆడపిల్లలు రాసుకొచ్చిన ఇళ్లకు మళ్లీ పోయి, అవే ప్రశ్నల్లో నాలుగైదు తిరగ అడిగి, రాసింది నిజమా కాదా అని చూసుకోవడం ఆయన పని. అట్లా ఒకటి ఉంటుందని ఆ పిల్ల నాకు చెప్పలేదు. చెప్పకూడదేమో. బావ ఇంట్లోనే ఉన్నాడు. సారుకు మంచం వాల్చి, మజ్జిగ ఇప్పించి, నన్ను పిలిచాడు. సారు నన్ను ఒంటరిగా అడగాలన్నాడు. మా ఇంట్లో ఆడవాళ్లు ఒంటరిగా మగవాళ్లతో మాట్లాడరని బావ మెల్లగానే చెప్పాడు. సారు గడియారం చూసుకుని, సరే కానీ అన్నాడు.

వయసు అడిగాడు. చదువు అడిగాడు. పిల్లలున్నారా అన్నాడు. ఆ తర్వాత, "నీ పేరున కానీ మీ ఆయన పేరున కానీ భూమి ఉందామ్మా?"

తోడికోడలు చేట ఆపింది. బావ నన్ను చూడలేదు, మజ్జిగ చెంబు అడుగు చూస్తున్నాడు. ఆయన ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు నా మీద. ఆ ఇల్లు దాటితే నాకు ఇంకో గడప లేదని ఆయనకు తెలుసు, నాకు తెలుసు, అంతే.

లేదు అన్నాను.

సారు కాగితం తిప్పి చూసి, మా ఆఫీసు అమ్మాయి రెండెకరాలని రాసిందే అన్నాడు. బావ నవ్వాడు. "సదువుకున్న పిల్లోళ్లు చెట్టుకింద కూసోని రాసుకుంటారప్పా. ఎండలో ఇంత దూరం ఎవురొస్తారు? ఏమ్మే, ఎవురన్నా వచ్చినారా ఈడికి?"

వచ్చిందంటే సంత రోజు వచ్చిందని తెలుస్తుంది. రెండెకరాలని నేనే చెప్పానని తెలుస్తుంది.

"ఎవురూ రాలే" అన్నాను.

ఇప్పుడు నేను చెప్తుంటే ఇది రాసిపెడుతున్న అమ్మాయి ఇక్కడ ఆగి నా మొహం చూసింది. రాయి తల్లీ, అన్నది అన్నట్టే రాయి అన్నాను.

నాలుగు రోజులకు ఆ పిల్లే వచ్చింది. భుజాన సంచి లేదు. నేను టమోటా కోస్తున్నాను, బావ అటు చివర మోటారు దగ్గర ఉన్నాడు. నీళ్లడిగే వంకతో గట్టు మీద నిలబడి, గొంతు తగ్గించి, "అక్కా, నేను రాలేదన్నావంట" అంది.

చేతిలో కాయ చితికింది.

"గంపెడు కాయలు ఒలిసిపోయినా గదక్కా. వేళ్లు ఇంగా మండతాండాయి. నేను రాకపోతే దెయ్యమొచ్చి ఒలిసిందా?" నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

తను తిరిగిన ఊళ్లన్నిటి కాగితాలూ దొంగ రాతలని పారేస్తారట. శనివారం మధ్యాహ్నం రెండింటికి పెద్ద మేడమ్ ముందు సంచి అప్పజెప్పి పోవాలట. ఒక ఏడాది ఉద్యోగం చేసుకోనివ్వు, ఆ తర్వాత నువ్వు చెప్పిన పెళ్లి చేసుకుంటానని వాళ్ల నాయనను ఒప్పించి వచ్చిందట. ఇంట్లో కూర్చుని రాసి దొరికిపోయిందనే పేరుతో ఎట్లా తిరిగి పోవాలి అంది. మదనపల్లె వచ్చి ఒక్క మాట చెప్పమంది.

"నేనొస్తే మా బావకు తెలిసిపోతాది పాపా."

"తెలుస్తాదక్కా" అంది.

తెలియదులే అని అబద్ధం చెప్పి ఉంటే నేను పోయేదాన్ని కాదేమో.

శనివారం పన్ను నొప్పి అని తోడికోడలికి చెప్పి, దవడ పట్టుకుని బయల్దేరాను. రోడ్డు ఎక్కాక పుంగనూరు బస్సు ముందొచ్చింది. నేను పోవాల్సింది దానికి ఎదురు దిక్కు. అయినా ఎక్కేశాను. పెద్దవాళ్ల ముందు రెండెకరాలు అని చెప్పబోతున్నాను, అది నిజమో కాదో నాకే తెలియదు కదా.

మండలాఫీసులో గుమాస్తా మంచివాడే. ఊరు చెప్తే పుస్తకం తీసి, వేలితో వరసలు దిగుతూ, బావ పేరు దగ్గర ఆగాడు. నాలుగెకరాలూ ఆ ఒక్క పేరే అన్నాడు. మా ఆయన పేరు చెప్పాను. "ఇదో, ఎర్ర సిరాతో కొట్టేసుండాది. తమ్ముడి పెండ్లాం ఒప్పుకొని వేలేసినట్టు రాసుండాదమ్మా. నువ్వేనా?" అన్నాడు. నేనే అన్నాను. గోడ పట్టుకుని మెట్లు దిగాను. అప్పటికి పదకొండున్నర.

మదనపల్లె బస్సు నిండా జనం. ప్రతి స్టాపులో ఆగుతోంది. గడియారం కట్టుకున్న ఆయనను మూడుసార్లు టైము అడిగాను. నాలుగోసారి అడిగితే, కోర్టు వాయిదా ఉందామ్మా అన్నాడు. బస్టాండు దగ్గర మిద్దె మీద ఆ ఆఫీసు. పైకి ఎక్కేసరికి రెండుకు పది నిమిషాలు. బల్ల మీద ఆ పిల్ల సంచి ఉంది. పిల్ల గోడకు ఆనుకుని నిలబడి ఉంది. సారూ ఉన్నాడు.

ఈ పిల్ల మా ఇంటికి వచ్చింది, రాలేదని నేనే అబద్ధం చెప్పాను అన్నాను. పెద్ద మేడమ్ నన్ను కూర్చోమంది. నెమ్మదైన మనిషి, పట్నం భాష. "ఆ రోజు భయపడి అబద్ధం చెప్పావా, ఈ రోజు ఈ అమ్మాయి మీద జాలితో చెబుతున్నావా? నాకెలా తెలుస్తుంది?" అంది.

న్యాయమైన మాటే. "నన్నేం అడిగిందో సెప్తా. మీ కాయితంలో సూసుకోండి తల్లీ."

మొదలుపెట్టాను. ఎన్నేళ్లు, ఎంత చదివావు, ఎందుకు మానేశావు. నీళ్లు యాడ నుంచి తెస్తారు. జబ్బు చేస్తే ఎవరు చెప్తే ఆసుపత్రికి పోతారు. ఎన్నాళ్లకు పోయారు. పోలీస్ స్టేషను ఎప్పుడన్నా చూశావా. ఆస్తిలో ఆడదానికి భాగం ఉందని తెలుసా. అమ్మేది కొనేది ఎవరు, నువ్వు అంగడికి పోతావా. ఆ కట్టలో ఎన్ని ఉన్నాయో అన్నీ, ఆ వరసలోనే చెప్పాను. నాకు అదేం గొప్ప కాదు. ఆ పిల్ల వచ్చిపోయిన నాటి నుంచీ పాలు పిండుతూ, కలుపు తీస్తూ వాటికి మళ్లీ మళ్లీ జవాబులు చెప్పుకుంటూనే ఉన్నాను. మేడమ్ అచ్చు కాగితం మీద వేలు పెట్టి వెంబడించింది. పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది. సారు కిటికీ వైపు తిరిగాడు.

భూమి దగ్గరకు వచ్చేసరికి ఆగాను. "ఆ పాప అడిగితే రెండెకరాలన్నా. ఆ సారడిగితే లేదన్నా. ఈ పొద్దు పుంగనూర్లో సూసొచ్చినా. కాయితంలో లేదు."

సారు అడిగినప్పుడు పక్కన ఎవరున్నారు అని మేడమ్ అడిగింది, నన్ను కాదు, సారును. వాళ్ల బావగారు ఉన్నారు మేడమ్ అన్నాడు సారు, నేల చూస్తూ. మేడమ్ ఇంగ్లీషులో ఏదో అంది. సారు చెవులు ఎర్రబడ్డాయి.

తర్వాత నా వైపు తిరిగి, "ఆఫీసుకు వెళ్లి చూడమని నీకెవరు చెప్పారు?" అంది.

గోడ దగ్గర పిల్ల ఊపిరి పీల్చడం మానేసింది. రావడం రాకపోవడం తేలినా ఈ ఒక్క మాటతో ఆ పిల్ల ఉద్యోగం పోతుంది.

"మదనపల్లె బస్సు కోసరం నిలబడి ఉంటే పుంగనూరు బస్సు ముందొచ్చింది తల్లీ. పోయినా" అన్నాను.

అది అబద్ధం కాదు. మేడమ్ నన్ను చాలాసేపు చూసింది. చూసి, బల్ల మీద సంచిని ఆ పిల్ల వైపు జరిపింది.

నేను ఊరు చేరేసరికి ఇంకా వెలుతురుంది. పుంగనూరులో నన్ను ఎవరో చూశారు, కబురు నాకంటే ముందే వచ్చింది. నా రేకు పెట్టె తిన్నె మీద ఉంది. బావ పక్కనే కూర్చున్నాడు. అరవలేదు.

"పన్ను పీకించుకున్నావా?" అన్నాడు.

నేను పెట్టె మూత తీసి చూశాను.

"పొద్దున ఆరున్నరకు కుప్పం బస్సుండాది. పుట్టింటికి పో."

పోతే అన్న కాదనడు. వదిన నాలుగు రోజులు మంచిగానే చూస్తుంది. కానీ ఆ బస్సెక్కితే ఆ రెండెకరాల మీద మళ్లీ కాలు పెట్టనని నాకు అప్పుడే తెలిసిపోయింది.

"పోను బావా."

"మరి యాడుంటావు?"

"నా రెండెకరాల్లో."

"నీ రెండెకరాలు యాడుండాయమ్మే?"

"యాడుండాయో నీకు తెలుసు, నాకు తెలుసు. ఆపీసోళ్లకే తెలీదు."

తోడికోడలు లోపల్నుంచి ఏదో అనబోతే బావ చెయ్యెత్తి ఆపాడు. నేను పెట్టె నెత్తిన పెట్టుకుని చేను దారి పట్టాను. వెనక నుంచి ఎవరూ పిలవలేదు. పిలుస్తారేమోనని నడక తగ్గించాను, అదీ చెప్పాలి.

చేలో బోరు మోటారు రూములో కాపురం పెట్టాను. బావ రెండుసార్లు కరెంటు తీయించాడు, ఒకసారి తలుపు పీకించాడు. తలుపు లేకుండా ఉన్నాను. పుంగనూరు వకీలు ఒకాయన, ఏం జరిగినా ఆ నేల వదిలి కదలకమ్మా అన్నాడు, కదల్లేదు. ఆయన చేత నేను వేయించిన భూమి కేసు ఏడేళ్లు నడిచింది. ఆ పిల్ల పని మాత్రం నిలిచింది. తర్వాత కుప్పం వైపు ఊళ్లకు మార్చారని విన్నాను.

చివరికి రాజీ అయింది. ఎకరన్నర నాకు, బోరు బావ వైపు. కోర్టు వరండాలో కాగితం మీద సంతకం చేస్తూ బావ, "ఒక్క మాట అడిగింటే నేనే ఇచ్చుంటా గదమ్మే" అన్నాడు. అప్పటికి ముసలివాడైపోయాడు. ఆ మాట ఆయన నిజంగానే నమ్ముతున్నాడని మొహం చూస్తే తెలిసింది. బోరు నీళ్లు వారానికి ఒక రోజైనా నా వైపు వదలమని వకీలు చేత అడిగించాను. వదల్లేదు. ఆ ఎకరన్నరలో వాన పడిన ఏడు రాగి, పడని ఏడు ఉలవ వేస్తున్నాను.