మిలిటరీకి తొవ్వ చూపిన మల్లన్నతో భూపాలపల్లి దాకా

ఇది రాయడం దాదాపు మానుకున్నాను. బద్ధకం సగం, భయం సగం. భూపాలపల్లి దారి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కనుక, తెలంగాణ ఉద్యమం రోజుల నాటి ఆ ప్రయాణం చెబుతాను.

నిజాం మీదికి సైన్యాన్ని నడిపిన జనరల్ ఐదు రోజుల్లో యుద్ధం ముగించాడని నేను మిర్చి బజ్జీల పొట్లంలో చదివాను. నా చదువంతా పొట్లాలదే. తరువాత ఆయనే పాలకుడయ్యాడనీ, కమ్యూనిస్టుల కోసం సైనికులు ఊళ్లు గాలించారనీ చిరిగిపోయిన సగంలో ఉండి ఉంటుంది. అది జనగామలో మా పక్కింటి మల్లన్న చెప్పాడు. ఇరవై ఏళ్లప్పుడు, భూపాలపల్లి దగ్గర తన ఊరి అడవిలో దాక్కున్న ఒక రైతు దగ్గరికి, తుపాకీకి జడిసి సైనికులకు దారి చూపింది అతనే. రైతును అక్కడే కాల్చేశారు. మరునాడే మల్లన్న ఊరు విడిచాడు. రైతు కూతురు సత్తెవ్వ ఇంకా ఆ ఊళ్లోనే ఉందని తెలిసి, చచ్చేలోగా ఆమె ముందు ఒప్పుకోవాలన్నాడు.

పొద్దున ఎనిమిదింటికి మూడు వేలకు కారు మాట్లాడుకున్నాం. హన్మకొండ దారి బందు అంటే తొర్రూరు వైపు తిరిగాం. అక్కడ రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. గరిటె పట్టుకున్న ఒకావిడ కారు ఆపింది.

"తిన్నంకనే పోవాలె. పస్తులుంటె తెలంగాణ వస్తదా?"

కిచిడీ బాగుంది. ఇంతలో మైకు పట్టుకున్నాయన మల్లన్న తెల్లజుట్టు చూశాడు.

"బాపు, మిలిటరీ జమాన చూసినట్టున్నవ్. జర రెండు ముక్కలు చెప్పు."

మల్లన్న విస్తరాకు మడిచేశాడు. "గొంతు లేస్తలేదు బిడ్డా" అన్నాడు. కారు కదిలేదాకా తల ఎత్తలేదు.

మహబూబాబాద్, గూడూరు, నర్సంపేట, ములుగు దాటేసరికి మూడయింది. అడవి మొదలయ్యాక అతను నా చెయ్యి వదల్లేదు.

"తమ్మీ, సత్తెవ్వ గొడ్డలి దీస్తదేమోరా."

"తీస్తే నన్ను నమ్ముకోకు అన్నా. మోకాళ్లు నొస్తున్నయి, నేను ఉరకలేను."

ఊరు చేరేసరికి సత్తెవ్వ వాకిట్లోనే ఉంది. మల్లన్న నిలబడే అంతా చెప్పాడు. నేను కారు వైపు ఒకడుగు వేశాను.

"ఏడ గాల్చిండ్రు?" అంది సత్తెవ్వ.

"వాగవతల."

"అరవై ఏండ్లసంది ఎవలనడిగినా ఎరుకలేదన్నరు. నడువు, చూపెట్టు."

ముందు అతను, వెనక ఆమె, ఆ వెనక నేను. ఆమె చేతిలో ఏమీ లేదని రెండుసార్లు చూసుకున్నాను. వాగు దాటాక ఒక బండ దగ్గర మల్లన్న ఆగి వేలు చూపాడు. సత్తెవ్వ అక్కడ కూర్చుని, బండ మీది ఆకులు ఒక్కొక్కటే తీసేసింది.

జనరల్ వీరుడా, కాదా అని చదువుకున్నవాళ్లు ఇంకా వాదించుకుంటున్నారు. తేల్చడం నా వల్ల కాదు. ఆమెకు కావలసింది ఆ తీర్పు కాదని మాత్రం తెలిసింది. మీరు అటు వెళితే ములుగులోనే తిని, డీజిల్ పోయించుకోండి. పొద్దుండగానే తిరిగి రండి.

మబ్బు పట్టడంతో సత్తెవ్వ ఇంటికొచ్చి, ఆరబోసిన మిర్చి ఎత్తసాగింది. మల్లన్న గోనెసంచి మూతి తెరిచి పట్టుకున్నాడు.