గొర్రెపిల్ల కాళ్లు కడిగిన పునీతుడు

నంద్యాలలో మా చర్చి ఆవరణలో ఒక పునీతుడి స్వరూపం, రాతి విగ్రహం ఉంది. జనం దాని ముందు కొవ్వొత్తులు వెలిగించి భక్తిగా కళ్లు మూసుకుంటారు. నాకు మాత్రం అది కనబడితే చాలు, మొహం తిప్పుకుంటాను. పునీతుడి మీద నాకేం కోపం లేదు. ఆయన బతికినన్నాళ్లూ కుష్ఠురోగుల మధ్య తిరిగాడు, వాళ్ల కాళ్లు కడిగాడు, వాళ్లతో కలిసి తిన్నాడు. నా అసహ్యమంతా ఆయన పేరు చెప్పుకునే మా వాళ్ల మీదే.

స్వరూపాన్ని ఆళ్లగడ్డలో చెక్కించాలనుకున్నారు. మా చర్చి పెద్దల్లో ఒకాయన, రిటైరైన ఆఫీసరు, ఆ పని నెత్తినేసుకుని నన్ను తోడు తీసుకెళ్లాడు. ఫాదర్ చెప్పి పంపింది ఒక్కటే, పునీతుడు కింద కూర్చుని రోగి కాలు కడుగుతూ ఉండాలని. దేవుళ్ల పాదాలకైతే శాస్త్రంలో కొలతలున్నాయనీ, వేళ్లు పోయిన పాదానికి కొలతలెక్కడా లేవనీ, కళ్లతో చూస్తే తప్ప చెక్కలేననీ అన్నాడు శిల్పి.

అలాంటి పాదం మా గేటు దగ్గరే ఉంది. ఆవరణ ఊడ్చే అవ్వది. జబ్బు మందులతో ఎప్పుడో నయమైపోయింది, పోయిన వేళ్లు మాత్రం తిరిగి రాలేదు. నయమైందని తెలిసి కూడా ఆమె పక్కన ఎవరూ కూర్చోరు. పూజలో ఒకరికొకరు శాంతి చెప్పుకునే వేళకు అందరి మెడలూ అటువైపు తిరగడం మానేస్తాయి.

అవ్వను బస్సులో ఆళ్లగడ్డకు తీసుకెళ్లాను. చెప్పు విప్పి, సిగ్గుపడుతూ పాదాన్ని ఒక రాతి మీద పెట్టింది. శిల్పి దాన్ని చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తన పాదాన్ని ఇంకో మనిషి ముట్టుకుని ఎన్నేళ్లయిందో గుర్తులేదని తిరుగు బస్సులో చెప్పింది.

"నాకు ముందూ ఎనకా ఎవురూ లేరప్పా. నేను పోయినా నా కాలన్నా గుడికాడ ఉంటాది," అంది.

ఆనాటి నుంచి, స్వరూపం ఎప్పుడొస్తుందని కనబడినప్పుడల్లా అడిగేది.

ఈలోగా ఫాదర్‌కు బదిలీ అయింది. పెద్దాయన మళ్లీ ఆళ్లగడ్డకు వెళ్లి, సగం చెక్కిన రోగిని చూసి మొహం చిట్లించాడట. పండగపూట ఆ కాలు చూస్తే జనానికి అన్నం సయిస్తుందా, అక్కడ ఓ గొర్రెపిల్లను చెయ్యమన్నాడట. ఈ మాట ఆయనే నాకు గొప్పగా చెప్పుకున్నాడు. అంతా ఒకే రాయి కాబట్టి రోగిని తొలిచి, ఆ మిగిలిన రాతిలోనే గొర్రెపిల్లను తీశారు. ఇప్పుడు మా పునీతుడు మోకాళ్లూని, బొద్దుగా ఉన్న గొర్రెపిల్ల గిట్టలు కడుగుతుంటాడు.

పండగనాడు ముసుగు తీశారు. ఎంత ముద్దుగా ఉందో అంటూ ఆడవాళ్లు గొర్రెపిల్ల తల నిమిరారు, పిల్లల చేత దాని వీపు మీద చెయ్యి వేయించి ఫోటోలు తీసుకున్నారు. పునీతుడు గొర్రె కాళ్లెందుకు కడుగుతున్నాడని ఒక్కరికీ అనుమానం రాలేదు. పెద్దాయన మైకు పట్టుకుని దీనుల సేవ గురించి మాట్లాడాడు. మాట్లాడుతూనే, దగ్గరికొస్తున్న అవ్వను దూరంగా ఉండమని చేత్తో సైగ చేశాడు. అంత సిగ్గులేనితనం నేనెక్కడా చూడలేదు. వెనకాల బిర్యానీ ఉడుకుతున్నా నేను భోజనానికి వెళ్లలేదు.

జనమంతా భోజనాలకు కదిలాక అవ్వ వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. స్వరూపం చుట్టూ తిరిగి, వంగి, పునీతుడి చేతుల కింద వెతికింది.

"నా కాలు యాడుండాదప్పా?"

తీసేయించారని చెప్పాను. ఆమె జనం నిమిరిపోయిన గొర్రెపిల్ల తలను కాసేపు చూసింది.

"గొర్రెనైతే అందరూ ముట్టుకుంటాండారు గదప్పా," అంది.