ఆదివారం అభిప్రాయాలు

మా ఊళ్లో సంగీతం వినడానికి చెవులు అక్కర్లేదని, ఎవరి తర్వాత ఎవరు మాట్లాడాలో తెలిస్తే చాలని అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది.

తొంభైల చివర్లో, అనంతపురంలో, ఆదివారం పొద్దున ఒక పెద్దాయన మేడమీది గదిలో కొందరం చేరేవాళ్లం. క్యాసెట్ పెట్టుకుని కచేరీ వినడం, విన్నాక ఒక్కొక్కరం అభిప్రాయం చెప్పడం, ఇదీ కార్యక్రమం. పెద్దాయనకు గార్లదిన్నె దగ్గర పొలం, పొలంలో బోర్లు, టౌన్లో షాపులు, అన్ని పార్టీల్లోనూ చుట్టాలు ఉండేవారు. వీటికి తోడు గోడంత బీరువా నిండా క్యాసెట్లు. బీరువా ఆయనది కాబట్టి సంగీతం కూడా ఆయనదేనని అందరూ ఒప్పేసుకున్నారు. నేను ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. ఆ గదిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి తలుపు పక్క కుర్చీ నాది, అందరికంటే చివరి అభిప్రాయమూ నాదే.

ముందు పెద్దాయన చెప్పాలి. ఆయన కళ్లు తెరిచి, గొంతు సవరించుకుని, "గంభీరంగా ఉండాది" అంటే ఆ ఆదివారానికి అది గంభీరమే. తర్వాత రిటైరైన బ్యాంకు ఆఫీసరు ఒకాయన అందుకునేవాడు. మద్రాసు నుంచి ఏదో సంగీత పత్రిక తెప్పించుకునేవాడు. అందులో చదివిన మాటలన్నీ ఎవరో ఒకరి మీద వాడెయ్యాలి ఆయనకు. పాడినవారు ఎవరైనా, రాగం ఏదైనా, "సంప్రదాయపు గీత దాటకుండా" అన్నది ఆయన నోట్లోంచి రావాల్సిందే. మిగతావాళ్లు తలలూపి మెట్లవైపు చూసేవాళ్లు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అభిప్రాయాలన్నీ అయిపోయాక గానీ పైకి వచ్చేవి కావు. మా ఊళ్లో సంగీత విమర్శ అంత క్లుప్తంగా ఉండటానికి కారణం అదే.

ఒకసారి తోడి రాగం ఆలాపన విన్నాం. పాడుతున్నాయన గాంధార స్వరం దగ్గర ఆగిపోయి, దాన్ని వదిలి వెళ్లడానికి మనసొప్పనట్టు అక్కడక్కడే తిరుగుతుంటే నాకు ఊపిరాడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నా వంతు వచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్టు ఆ మాటే చెప్పాను. బ్యాంకు ఆఫీసరు నవ్వి, తోడి అన్నాక గాంధారం అలాగే ఉంటుంది మేడమ్, అన్నాడు. నిప్పన్నాక కాలుతుంది మేడమ్ అన్నట్టు. ఆ మనిషికి జన్మలో ఒక్కసారైనా చెయ్యి కాలి ఉండదు.

మరి ఎందుకు పోయేదాన్నంటే, ఆ క్యాసెట్లు ఇంకెక్కడా దొరకవు. తిట్టుకుంటూనే వెళ్లేదాన్ని.

బీరువా పై అరలో పట్టుగుడ్డలో చుట్టిన క్యాసెట్ ఒకటి ఉండేది. చనిపోయిన ఒక గొప్ప విద్వాంసుడి కచేరీ. రేడియోలో వస్తుంటే పెద్దాయన పొలం దగ్గరున్న ఇంట్లో కూర్చుని స్వయంగా రికార్డు చేసుకున్నది. అందులో ఆ విద్వాంసుడి గొంతు మామూలుకంటే హెచ్చు శ్రుతిలో, మంచి వేగంతో ఉండేది. ఆ రోజు ఆయనకు భక్తి పొంగి శ్రుతి పెంచి పాడాడని పెద్దాయన సిద్ధాంతం. ముసలితనంలో గొంతు లేతబడటం యోగుల లక్షణమని బ్యాంకు ఆఫీసరు దానికి వ్యాఖ్యానం. ఆ క్యాసెట్ ఎప్పుడు పెట్టినా పెద్దాయన తన చేత్తోనే ముందుకు తిప్పి, సరిగ్గా పాట మొదలయ్యే చోటికి తెచ్చేవారు. దాని ముందు ఏముందో మాకెవరికీ తెలీదు.

ఆ గదిలో నాకు గౌరవం కలిగిన మనిషి ఒక్కడే. గుంతకల్లు రైల్వేలో టికెట్ కలెక్టరు. ఆదివారం సెలవు దొరికినప్పుడు పొద్దున రైలుకు వచ్చేవాడు. "నాకు బాగుండాది" అనేవాడు, లేదా "ఈ పొద్దు నాకు ఎక్కల్యా" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట వాడేవాడు కాదు. అతన్ని చూసి మిగతావాళ్లు జాలిపడేవాళ్లు.

అతని భార్య పాడుతుందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పుట్టిల్లు గార్లదిన్నె పక్కన పల్లె. చిన్నప్పుడు ఆ పల్లెకు వచ్చి ఉండిపోయిన ఒక ముసలి పాటగాడి దగ్గర పదేళ్లు నేర్చుకుంది. గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో పిల్లలకు చెప్పేది. పక్కన వయొలిను, మృదంగం పెట్టుకుని వేదిక మీద ఒక్కసారైనా పాడాలని ఆమె కోరిక. గురువు పోయేముందు అడిగింది కూడా అదేనట. మా జిల్లాలో అది తీరే చోటు ఒక్కటే ఉంది. మేడమీద చేరే మా జట్టే, సంగీత సంఘం పేరుతో, ఏటా కల్యాణ మండపంలో జరిపే ఉత్సవం. సాయంత్రాలు బయటి విద్వాంసులు పాడతారు, పొద్దున స్థానికులకు తలా అరగంట ఇస్తారు.

ఆ అరగంట ఎవరికివ్వాలో క్యాసెట్ విని తేల్చేవాళ్లం. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వింటే మొహమాటం అడ్డొస్తుందని పెద్దాయన నియమం. ఆయన తమ్ముడి కూతురి క్యాసెట్ మాత్రం ఏటా డబ్బా తెరవకుండానే నెగ్గేది.

గుంతకల్లు క్వార్టర్స్‌లో రైళ్ల కూతలు ఆగవు. అందుకని ఆమె పుట్టింటికి పోయి, తెల్లవారాక, తిత్తి ఊదుతూ పట్టే పాత శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని రికార్డు చేసుకుంది. సెల్లులు మధ్యలో అయిపోతాయని టేప్‌రికార్డరును కరెంటుకే తగిలించింది.

భర్త ఆ క్యాసెట్ తెచ్చిన ఆదివారం పెద్దాయన మంచి కోపం మీద ఉన్నారు. పొలంలో మోటారు ఇంకోటి కాలిపోయింది. పొద్దున త్రీఫేజు కరెంటు రావడం ఆలస్యం, ఆ చుట్టుపక్కల అందరి మోటార్లూ ఒక్కసారి లేస్తాయని, వోల్టేజి పడిపోయి ఇళ్లలో బల్బులు గుడ్డిదీపాలవుతాయని చాలాసేపు చెప్పారు. ఆ బాధ తెలిసినవాళ్లే కాబట్టి అందరూ శ్రద్ధగా విన్నారు. తర్వాత క్యాసెట్ పెట్టారు.

మోహన రాగం. ఆమె మొదలుపెట్టిన కాసేపటికే నేను కుర్చీలో ముందుకు జరిగాను. గొంతు పెద్దది కాదు. కానీ ఎక్కడా తొందర లేదు, ఎవరినీ మెప్పించాలన్న ఆత్రం లేదు. పొద్దున్నే వాకిట్లో నీళ్లు చల్లినట్టు ఉంది. నాకెంత సంతోషమేసిందంటే, ఈసారి నా వంతు దాకా ఆగకుండా మాట్లాడదామనుకున్నాను. ఇంతలో పాట సగంలో ఏదో జరిగింది. గొంతు కొద్దికొద్దిగా పైకి పాకి, ఒక చోట నిలబడి, అక్కడి నుంచి కాస్త వేగంగా సాగింది.

పెద్దాయన చెయ్యెత్తి ఆపించారు. శ్రుతి నిలుపుకోలేకపోయింది అన్నారు. బ్యాంకు ఆఫీసరు వెంటనే, సాధన చాలదు, గీత దాటింది అన్నాడు. తక్కిన తలలు ఊగాయి. భార్యకు పడుతున్న శిక్ష వింటూ అతను చాప అంచు చూస్తూ కూర్చున్నాడు.

నాకు ఒళ్లు మండింది. వరస తప్పించి లేచాను. పాట ఒక్కటే కాదు, వెనక శ్రుతిపెట్టె కూడా అంతే పైకి పోయింది, మళ్లీ పెట్టి వినండి అన్నాను. ఆ పెట్టెకు కరెంటుతో పని లేదు, మనిషి గొంతు దాన్ని లాక్కుపోలేదు, రెండూ కలిసి లేచాయంటే తేడా టేపులో ఉంది. వోల్టేజి పడిపోయినప్పుడు టేపు నిదానంగా తిరుగుతూ రికార్డవుతుంది, ఇక్కడ సరైన కరెంటులో వేస్తే వేగంగా తిరిగి పైశ్రుతిలో పలుకుతుంది. ఇప్పటిదాకా మీరు చెప్పిన మోటార్లే ఇవి, ఆమె పుట్టిల్లు మీ పొలం పక్కనే అని కూడా చెప్పాను. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంతకంటే తక్కువ మాటల్లో అర్థమయ్యేది.

పెద్దాయన శాంతంగా విన్నారు. "అయితే శ్రుతిపెట్టె గూడా బాగల్యా అన్నమాట," అన్నారు. "మేడమ్, మీరు పిల్లోళ్లకు సైన్సు చెప్పుకోండి. సంగీతం మాకు ఇడ్సిపెట్టండి."

ఆ మాటకు గదంతా నవ్వింది. ఉగ్గాని పైకి వచ్చింది. టికెట్ కలెక్టరు క్యాసెట్ జేబులో పెట్టుకుని, పళ్లెం ముట్టకుండా రైలుకు వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏ ఆదివారమూ రాలేదు. నేను మాత్రం ఉత్సవం దాకా ఉండి మానేద్దామనుకున్నాను.

ఉత్సవంలో ఆమెను మొదటిసారి చూశాను. వయొలిన్ కచేరీ వినాలని ఇద్దరూ వచ్చారు. భర్త పరిచయం చేసి పక్కకు వెళితే, ఆమె నా పక్క కుర్చీలో కూర్చుంది. మోహన ఎంత బాగుందో చెప్పాను. వోల్టేజి సంగతి మళ్లీ చెప్పాను. ఆమె మర్యాదకు నవ్వింది. ఇంటికొచ్చి ఆయన అదే చెప్పాడట, తనను ఊరడించడానికి అల్లాడనుకుందట. అంతమంది పెద్దలు విని చెప్పారు కదా, నా చెవే చెడిపోయిందేమోనక్కా, అంది. ఆ రోజు నుంచి శ్రుతిపెట్టె బయటికి తియ్యలేదని, పిల్లలకు చెప్పడం కూడా మానేశానని చెప్పింది. మేడమీద గదిలో బజ్జీల కోసం తొందరపడి తేల్చిన అభిప్రాయం గుంతకల్లులో ఒక గొంతును మూసేసింది. ఆ క్షణంలో ఆ గది మీద నాకు కోపం కూడా పోయి వట్టి అసహ్యం మిగిలింది.

అప్పుడే వేదిక మీద పెద్దాయన మైకు ముందుకొచ్చారు. పట్టుగుడ్డ క్యాసెట్ ఆ సంవత్సరం జనానికి వినిపిస్తున్నారు. విద్వాంసుడి ఫొటోకు దండ వేసి, ఆ మహానుభావుడు భక్తి పొంగి శ్రుతి పెంచి పాడిన రోజు ఇదని చెప్పారు. మైక్‌సెట్ అబ్బాయికి ఆ క్యాసెట్ పద్ధతి తెలీదు పాపం. శుభ్రంగా మొదటికి తిప్పి పెట్టాడు.

ముందు రేడియో ప్రకటన వచ్చింది. ఇప్పుడు వినబోయే కచేరీ ఫలానా అని చెప్పే ఆ మగమనిషి గొంతు, బడిలో ప్రార్థన చదివే పిల్లాడి గొంతులా సన్నగా, గబగబా పలికింది. కుర్చీల్లో అక్కడక్కడా నవ్వులు. పెద్దాయన వేదిక మీద నుంచి, తిప్పు తిప్పు అని చేత్తో సైగ చేశారు. ఆలోపే తంబురా మొదలైంది, పాట మొదలైంది. ముందు వరసలో బ్యాంకు ఆఫీసరు కళ్లు మూసుకుని తల ఊపసాగాడు.

నా పక్కన ఆమె తొడ మీద వేస్తున్న తాళం ఆపేసింది. తల కొంచెం వంచి, పాటను వదిలేసి తంబురానే వింటోంది. ఆమె మొహం మారడం నేను చూశాను.

"అక్కా," అంది నెమ్మదిగా. "ఆ రేడియో ఆయప్పకు గూడా భక్తి పొంగినాదా?"

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ముందు వరసలన్నీ వెనక్కి తిరిగాయి. పెద్దాయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అందులో కూడా ఆయన తర్వాతే మిగతా అందరూ అలాగే చూశారు, వరస తప్పకుండా.

ఆమె మాత్రం నవ్వలేదు. చెవి తనదే బాగుందని తెలిసిన మనిషి ఆ వేదికను, దండ వేసిన ఫొటోను, కళ్లు మూసుకుని ఊగుతున్న తలలను ఒక్కొక్కటిగా చూసింది. తర్వాత సంచీ తీసుకుని లేచింది. వయొలిన్ కచేరీ ఇంకా ఉంది కదా అన్నాను.

"ఈళ్ల ముందరనా అక్కా, నేను పాడల్లని ఇన్నాళ్లు ఆశపడింది?" అంది. రైలుకు టైముందని, ఇంటికి పోయి శ్రుతిపెట్టె దుమ్ము దులపాలని చెప్పింది. నేనూ లేచి ఆమెతో పాటు బయటికొచ్చాను.